గాలా, సల్లదనమా?

లారీలో ఏసీ సరిగా రావడం లేదంటే డ్రైవరు చెప్పే కారణం ఒక్కటే. "గ్యాస్ అయిపోయినట్టున్నది." ఓనరుకు ఫోన్ చేస్తే ఆయన మాటా అదే. "గ్యాస్ కొట్టియ్యి." రోడ్డు పక్క షెడ్డువాడు కూడా కాదనడు. ఎందుకంటాడు? సిలిండరు పక్కనే ఉంది, గొట్టం తగిలించడమే ఆలస్యం. ముగ్గురూ ఇంత తొందరగా ఒప్పుకునే విషయం మన దగ్గర ఇంకోటి లేదేమో. చిక్కల్లా ఏమిటంటే, ఏసీలో గ్యాసు డీజిల్ లాగా ఖర్చయ్యే సరుకు కాదు. బిగించిన గొట్టాల్లో ఒకచోట ద్రవంగా మారుతూ, ఇంకోచోట ఆవిరవుతూ అదే గ్యాసు ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి ఏడాదికింత చొప్పున ఊరిపోయే కొంచెం సంగతి వదిలేస్తే, గ్యాసు తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు పట్టుకోకుండా నింపితే మళ్లీ కారుతుంది. అసలు తగ్గనే లేదనుకోండి, ఎక్కువ నింపితే ప్రెషర్ పెరిగి ఉన్న చల్లదనం కూడా పోతుంది.

అయినా అందరం గ్యాసే అడుగుతాం. ఒంట్లో కాస్త నీరసంగా ఉండగానే "ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించు సారూ" అని ఊరి డాక్టర్ని అడిగే అలవాటే ఇదీనూ. కళ్లముందు ఏదో ఎక్కుతోంది, మీటరు ముల్లు కదులుతోంది, డబ్బులకు లెక్క కనబడుతోంది. రోగం ఏమిటో తెలియకపోయినా వైద్యం జరిగిందన్న తృప్తి మిగులుతుంది.

మా మేనబావకు రెండు లారీలు. వాటి పుణ్యమా అని నార్కట్‌పల్లిలో అద్దంకి రోడ్డు చీలే చోటికి కాస్త ఇవతల, ఒక ఏసీ షెడ్డులో కూర్చునే అలవాటు నాకు పట్టుకుంది. షెడ్డు పెద్దదేం కాదు. నాలుగు రేకులు, ఒక వేపచెట్టు, చెట్టుకు కట్టిన నీళ్లకుండ. మెకానిక్‌ది దేవరకొండ వైపు ఊరు. ఆయన దగ్గర నాకు నచ్చింది ఏమిటంటే, బండి రాగానే పానా పట్టడు. ముందు డ్రైవరును కూర్చోబెట్టి అడుగుతాడు. ఒకరోజు పత్తి లోడు దించుకుని వచ్చిన డ్రైవరుకూ ఆయనకూ జరిగిన సంభాషణ ఇది.

"ఏసీ వస్తలేదన్నా. గ్యాస్ చూడు."

"ఏసీ వస్తలేదంటే ఏంది? గాలి వస్తలేదా, సల్లగ వస్తలేదా?"

"రెండు ఒకటే గదనే."

"ఒకటైతే కంపెనీవాడు నీకు రెండు బటన్లు ఎందుకిచ్చిండు?"

డ్రైవరు నిజంగానే డ్యాష్‌బోర్డు వంక చూశాడు. ఒకటి తిప్పేది, ఫ్యాను ముద్రతో. ఇంకోటి నొక్కేది, మంచుపువ్వు గుర్తుతో. బండి తోలడం మొదలుపెట్టిన నాటినుంచీ అవి రెండూ వేరువేరుగానే అతని కళ్ల ముందున్నాయి.

ఆ ప్రశ్నలోనే సగం పని అయిపోయిందని నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. గాలి సంగతి బ్లోయర్‌ది, ఫిల్టర్‌ది, దారులది. చల్లదనం సంగతి కంప్రెసర్‌ది, కండెన్సర్‌ది, గ్యాసుది. డ్రైవరు ముఖానికి చెమట పట్టడం మటుకు రెంటికీ ఒకటే. మనం బాధను చెబుతాం, బండిలో ఉన్నది లోపం. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని ప్రశ్నలతో తగ్గించడమే ఆ మెకానిక్ చేసే పని. పానా తర్వాత వస్తుంది.

గాలే తక్కువ అని తేలిందనుకుందాం. ఆయన బ్లోయర్‌ను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరసగా తిప్పిస్తాడు. మొదటి మూడింటిలో చలనం లేక, నాలుగులో మాత్రం బర్రుమని తిరిగితే రెసిస్టర్ కాలిపోయింది. స్పీడు తగ్గించే తీగచుట్ట అది. పై నంబరులో కరెంటు దాన్ని తాకకుండా నేరుగా మోటారుకు పోతుంది కాబట్టి అదొక్కటి బతికి ఉంటుంది. ఎందులోనూ తిరగకపోతే ఫ్యూజు, రిలే, చివరికి మోటారు. అన్నింటిలోనూ నీరసంగా తిరిగితే ఆయన మీటరు తీసి నేరుగా మోటారు దగ్గర కొలుస్తాడు, అదీ మోటారు తిరుగుతుండగానే. బ్యాటరీ దగ్గర 24 వోల్టులు నిండుగా ఉండి, తుప్పుపట్టిన ఎర్తింగ్ వల్ల మోటారుకు అందులో కొంతే అందే బండ్లు నేను చూశాను. స్విచ్ ఆపి కొలిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

రెసిస్టర్ గురించి ఇంకో ముక్క. చాలా బండ్లలో దాన్ని బ్లోయర్ గాలి తగిలే చోటే బిగిస్తారు. వేడెక్కే తీగను ఆ గాలే చల్లార్చాలి. ఫిల్టర్ మూసుకుపోయి గాలి తగ్గితే ముందు మాడేది అదే. కొత్తది వేసి పంపిస్తే మూణ్నాలుగు నెలల్లో అదీ మాడుతుంది. డ్రైవరు కంపెనీని తిడతాడు, కంపెనీ డూప్లికేట్ సామాన్లను తిడుతుంది. ఫిల్టర్ మాత్రం ఎవరి నోటా రాకుండా హాయిగా దుమ్ము తింటూ కూర్చుంటుంది.

బ్లోయర్ శబ్దం గట్టిగా ఉండి, గాలి మాత్రం సన్నగా వస్తుందే, ఆ సందర్భం నాకు అన్నిటికంటే వింతగా తోచింది. గాలికి అడ్డం పడితే మోటారు మీద బరువు పెరుగుతుందనుకునేవాణ్ణి. జరిగేది దానికి తలకిందులు. ఆ గుండ్రటి ఫ్యాను చేసే పనల్లా గాలిని తోయడమే. తోయడానికి గాలి అందకపోతే పని తగ్గుతుంది, వేగం పెరుగుతుంది, లాక్కునే కరెంటు తగ్గుతుంది. అందుకే మూసుకుపోయిన బండి ఎక్కువ గోల చేస్తుంది. మీటరులో ఆంపియర్లు తక్కువ చూపిస్తే అడ్డమేదో ఉందని, ఎక్కువ చూపిస్తే మోటారే బిగుసుకుపోయిందని ఆయన లెక్క. "మస్తు సౌండ్ వస్తున్నదన్నా, మోటర్ మంచిగనే ఉన్నది" అని డ్రైవరు భరోసాగా చెబుతుంటే ఆయన ముసిముసిగా నవ్వేది ఇందుకే.

ఆ పత్తి లోడు బండి కథా అదే. క్లీనరు వైపు డ్యాష్‌బోర్డు కింది మూత విప్పి, బ్లోయర్‌ను బయటికి లాగాడు. ముందుగా రాలినవి ఎండిన బంతిపూల రేకలు. దేవుడి పటానికి వేసిన దండలోంచి జారి, అద్దం కింది గాలి సందుల్లోంచి లోపలికి పడ్డవి. వాటి వెంట అగరుబత్తి బూడిద, గుట్కా ప్యాకెట్ల చింపులు, ఫ్యాను రెక్కల మధ్య నలిగిన ఒక కాంటా చీటీ. టక్ టక్‌మని ఎన్నాళ్లుగానో వస్తున్న శబ్దానికి కారణం ఆ చీటీయేనట. తర్వాత టార్చి వేసి కూలింగ్ కాయిల్ చూపించాడు. అల్యూమినియం రేకులు కనిపించాలి, కనిపించలేదు. బూడిదరంగు దూది దట్టంగా పేరుకుని, దాని మీద ఊక పొట్టు అద్దినట్టు అంటుకుని ఉంది. రెండు వేళ్లతో అంచు పట్టి లాగితే ఒకే ముక్కగా ఊడి వచ్చింది. ఆ బండిలో ఫిల్టరే లేదు. పెట్టుకునే గాడి మాత్రం ఉంది. కాయిలే ఫిల్టరై కూర్చుంది.

మన వైపు పంటల క్యాలెండరు ఆ దూది ముక్కలో పొరలు పొరలుగా ఉందంటే నమ్మాలి. దసరా దాటాక నల్లగొండ, చండూరు, ఇటు జడ్చర్ల బాదేపల్లి మార్కెట్టుకు పత్తి బండ్లు కదులుతాయి. జిన్నింగ్ మిల్లు ఆవరణలో గంటసేపు నిలిపితే చాలు, గాలిలో ఎగిరే పోగులన్నీ బండి ముక్కులోకి పోతాయి. యాసంగి కోతలు మొదలయ్యాక మిర్యాలగూడ మిల్లుల ఊక, తవుడు దుమ్ము. వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు కిరాయి దొరికితే సిమెంటు. దూది వల వేస్తుంది, ఊక అందులో చిక్కుతుంది, సిమెంటు దుమ్ము తేమ తగిలి గట్టిపడుతుంది. ఏ కంపెనీ పుస్తకంలోనూ ఈ మిశ్రమం గురించి ఉండదు.

పని పూర్తయ్యాక ఆయన కాగితం ముక్క ఒకటి గాలి మూతి ముందు వదిలాడు. ఎగిరి వెనక సీటు దాకా పోయింది. డ్రైవరు ముఖంలో సంతోషం కంటే అనుమానమే ఎక్కువ కనిపించింది. "గ్యాస్ కొట్టకుంటనే వచ్చిందా?" డబ్బుల దగ్గర అది బయటపడింది. "ఏం సామాను ఎయ్యలేదు గదనే, అంత ఎందుకు?" సామానుకు డబ్బిస్తాం, కష్టానికీ గొణుగుతూ ఇస్తాం. ఏం చెడిందో కనిపెట్టిన తెలివికి మటుకు రూపాయి ఇవ్వం. ఇది తెలిసిన షెడ్డువాళ్లు ఏంచేస్తారంటే, ఫిల్టర్ దులిపి, రోగం కుదిర్చి, పైన కొంచెం గ్యాసు కూడా కొట్టి బిల్లు రాస్తారు. మోసమే. అయితే ఆ మోసం నేర్పింది బిల్లు కట్టేవాళ్లమే అని నా అభిప్రాయం.

విప్పకుండానే, డ్రైవరు చెప్పే కథలోంచే దొరికే రోగం ఒకటుంది. "బయల్దేరినప్పుడు మంచిగ వస్తదన్నా. గంట, గంటన్నరకు గాలి సన్నబడ్తది. చాయ్ కోసం ఆపి మళ్ల ఎక్కితే మంచిగైతది." వినడానికి చాయ్ మహిమలా ఉంటుంది. అసలు జరిగేది, కాయిల్ మీద మంచు కట్టడం. గాలిలోని తేమ కాయిల్‌కు తగిలి నీరవుతుంది, ఆ నీరు పైపులోంచి రోడ్డు మీదికి కారిపోవాలి. కాయిల్ సున్నా డిగ్రీలకు దిగువకు పోతే నీరు కారకుండా గడ్డకడుతుంది, రేకుల సందులు మూసుకుంటాయి, గాలి ఆగుతుంది. బండి ఆపి చాయ్ తాగేలోపు మంచు కరుగుతుంది. కంప్రెసర్‌ను సమయానికి ఆపాల్సిన థర్మోస్టాట్ పనిచేయకపోయినా, ఫిల్టర్ మూసుకుపోయినా ఇది జరుగుతుంది. గ్యాసు కొంచెం తగ్గినా జరుగుతుంది. తగ్గితే వేడెక్కాలి గానీ మంచు కట్టడమేమిటని అడిగాను. ఇప్పటి బండ్లలో వాడే ఆర్-134ఎ మామూలు గాలి ఒత్తిడిలో సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరుగుతుంది. గ్యాసు తగ్గితే కాయిల్‌లో ఒత్తిడి పడిపోతుంది, మరిగే వేడిమీ పడిపోతుంది, కాయిల్ మొదటి వరసలు అతిగా చల్లబడి గడ్డకడతాయి. అంటే "గ్యాస్ అయిపోయింది" అన్నవాడు ఒక్కోసారి నిజమే చెబుతాడు. ఆ ఒక్కోసారే మిగతా అన్నిసార్లకూ సాక్ష్యమైపోయింది.

మంచు కట్టే ఈ జబ్బు మన మే నెలలో తక్కువ. మన ఎండ పొడి ఎండ, గాలిలో గడ్డకట్టడానికి తేమ ఏదీ? వానకాలం రాత్రుళ్లు, లేకపోతే 65 నంబరు రోడ్డు మీద విజయవాడ దాటి కోస్తా ఉక్కలోకి దిగాక బయటపడుతుంది. అందుకే బండి ఎక్కడెక్కడ తిరిగొచ్చిందని కూడా ఆయన అడుగుతాడు. కర్నూలు వైపు వెళ్లిన బండి, కాకినాడ వెళ్లిన బండి ఒకే రోగాన్ని వేరువేరుగా చెబుతాయి.

ఇక రెండో బటన్ వైపు. గాలి దండిగా వస్తుంది గానీ చల్లగా లేదు. ఇక్కడా ఆయన గ్యాసు జోలికి పోడు. "రోడ్డు మీద ఉరుకుతున్నప్పుడు ఎట్లుంటది, టోల్‌గేట్ కాడ ఆగినప్పుడు ఎట్లుంటది?" అంటాడు. 44 నంబరు రోడ్డు మీద జడ్చర్ల, భూత్పూర్, అడ్డాకుల, కొత్తకోట దాకా చల్లగా వచ్చి, టోల్‌గేట్ లైన్లో నిలబడగానే వెచ్చబడిందంటే కండెన్సర్‌కు గాలి ఆడడం లేదు. బండి పరుగెడుతున్నంతసేపు ఎదురుగాలి ఆ లోపాన్ని కప్పిపుచ్చుతుంది.

ఏసీ మొత్తానికి కీలకం నాకు ఇక్కడే దొరికింది. ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు. క్యాబిన్‌లోని వేడిని తీసుకుపోయి బయట పారబోస్తుంది. అందుకే గాలి రెండు చోట్ల ఆడాలి. లోపల చల్లటి కాయిల్ మీద ఒకటి, బయట వేడి కండెన్సర్ మీద ఇంకోటి. లోపలి గాలి మన ముఖానికి తగులుతుంది కాబట్టి దాని గురించి ఫిర్యాదు చేస్తాం. బయటి గాలి ఎవరి ముఖానికీ తగలదు. బండి ముందు జాలీ వెనక, రేడియేటర్‌కు ఎదురుగా ఉన్న కండెన్సర్ నిండా దూది పట్టినా అడిగే దిక్కుండదు. గుర్తొచ్చినప్పుడు వాటర్ సర్వీసింగ్‌కు పంపితే వాళ్లు ప్రెషర్ గన్నుతో కొడతారు. దూది తడిసి ముద్దయి ఇంకా లోపలికి దిగుతుంది, పల్చటి రేకులు వంగిపోతాయి. ముందు పొడిగా ఉన్నప్పుడే మెత్తటి బ్రష్షుతో దూది తీసి, ఆ తర్వాత వెనక నుంచి ముందుకు తక్కువ ప్రెషర్ నీళ్లు పట్టాలి. గంట పని. పానాలతో పనే లేదు.

మనుషుల కంటే ముందు సరుకును చల్లబరచడం ఈ యంత్రానికి పుట్టుకతోనే వచ్చిన గుణం. 1902లో విల్లిస్ కారియర్ అమెరికాలోని బ్రూక్లిన్‌లో మొదటి ఏసీకి రూపం గీసింది మనిషి సుఖం కోసం కాదు, అచ్చాఫీసులో తేమకు కాగితం సాగి రంగులు పక్కకు జరుగుతున్నాయని. మన దగ్గర పాల ట్యాంకర్లు చూడండి. వెనక పాలు చల్లగా ప్రయాణం చేస్తుంటే, ముందు డ్రైవరు తడిగుడ్డ నెత్తిన వేసుకుని తోలేవాడు. పాలు విరిగితే నష్టం లెక్క తేలుతుంది. మనిషి విరిగితే ఏ ఖాతాలో రాయాలో ఎవరికీ తెలియదు. పాతకాలం కట్టెల క్యాబిన్లలో ఇంజను మనిషి మోకాలి పక్కనే ఉడికేది. బయటి వడగాలి తట్టుకోలేక అద్దాలు ఎక్కిస్తే ఇంజను సెగ, దించితే వడగాలి.

2015 మే నెలలో ఆ వడగాలికి రాష్ట్రంలో వందల మంది చనిపోయారు. నల్లగొండ పేరు రోజూ పేపర్లో ముందు వరసలో ఉండేది. లారీ క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేయాలన్న ముసాయిదాకు కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ ఆమోదం తెలిపింది 2023 జులైలో. అదే ఏడాది డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే సరుకు రవాణా బండ్లలో, మూడున్నర టన్నులు దాటినవాటికి ఫ్యాక్టరీ నుంచే ఏసీ ఉండాలి. క్యాబిన్ లేకుండా ఉత్త చాసిస్ అమ్మితే ఏసీ కిట్టు దాంతోపాటు ఇవ్వాలి. మంచి రూలు, ఆలస్యమైన రూలు. రోడ్ల మీద ఉన్న పాత బండ్లు దాని కిందికి రావు. వచ్చిన బండ్లలో కూడా "ఏసీ ఎయ్యకు, మైలేజ్ పడిపోతది" అని ఓనరు చెప్పే మాటకు ఏ రూలూ వర్తించదు. మా బావ కూడా ఆ మాట అన్నవాడే. ఎండ దెబ్బకు డ్రైవరు ఆస్పత్రి పాలయ్యాక మానేశాడు.

ఓనరు వద్దనకపోయినా ఏసీ ఆగిపోయే చోటు ఇంకోటుంది. యాసంగి వడ్లు దించే కాలం సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. కొనుగోలు కేంద్రంలో బస్తాలు ఎత్తుకున్న లారీ మిర్యాలగూడలో మిల్లు గేటు ముందు లైన్లో నిలబడుతుంది. హమాలీలు చాలరు, తేమ పేరుతో పేచీ, కాంటా దగ్గర ఆలస్యం. ఒక్కోసారి రెండు మూడు రోజులు. ఇంజన్ తిరిగితేనే కంప్రెసర్ తిరుగుతుంది. నిలబడ్డ బండిలో రోజంతా ఇంజన్ నడిపితే డీజిల్ ఎవరు పోస్తారు? కాబట్టి కొత్త రూలుకు అచ్చంగా సరిపోయే ఏసీ, ఫిల్టర్ శుభ్రంగా, గ్యాసు నిండుగా, 45 డిగ్రీల ఎండలో ఆగి ఉంటుంది. డ్రైవరూ క్లీనరూ లారీ కింద, టైర్ల నీడలో చాప పరుచుకుంటారు.

ఈ కేసు మెకానిక్ ముందు పెట్టాను. గాలా, సల్లదనమా అని ఆయన ప్రశ్నే ఆయన్ను అడిగాను. "రెండు కాదు సారూ, గేటు. గేటు తీస్తే గాలి అదే వస్తది" అని ఇంకో బండి కిందికి దూరాడు.

మా బావ ఇప్పుడు బ్యాటరీ మీద నడిచే పార్కింగ్ ఏసీల ధరలు కనుక్కుంటున్నాడు. దానికి పెట్టే డబ్బుతో పనేముంది బావా, లారీ ఓనర్లంతా కలిసి దించే వంతుకు టోకెన్ ఇచ్చి, దాని మీద టైము వేయమని మిల్లువాళ్లను అడగరాదా అన్నాను. ఫోన్లోంచి తలెత్తకుండానే అన్నాడు, "బామ్మర్దీ, ఏసీయే చవుక."